బదులు కూర్చున్న రోజు

మా కూతురి కూతురు కంప్యూటరు ప్రోగ్రాములు రాసే ఉద్యోగం చేస్తుంది. ఆఫీసు హైదరాబాదులో. మనిషి మాత్రం రెండేళ్ళ పాటు మా ఇంట్లోనే, పడమటి గదిలో కూర్చుని పని చేసింది. తాడేపల్లిలో వాళ్ళ అమ్మానాన్నలకు అపార్ట్‌మెంటు ఉంది. కానీ చుట్టూ కొత్త కట్టడాలు లేస్తున్నాయనీ, పొద్దున్నుంచీ డ్రిల్లింగు మోతకు తల పనిచెయ్యడం లేదనీ ఒక బ్యాగు సర్దుకుని మా ఊరు వచ్చేసింది.

"ఎన్నాళ్ళుంటావే?" అని అడిగాను.

"నువ్వు తరిమేదాకా" అంది.

"అయితే లేవగానే పక్క నువ్వే ఎత్తుకో. గదిలోంచి బయటికొచ్చేటప్పుడు ఫ్యాను కట్టేసి రా" అన్నాను. మా మధ్య జరిగిన ఒప్పందం అంతే.

నేను ఐదో తరగతితో బడి మానేశాను. మా మనవరాలు చేసే పని ఏమిటో నాకు చాలా రోజులు అంతుబట్టలేదు. సరుకు మోసే లారీలు ఏ గోదాముకు ఎప్పుడు చేరాలో, ఏది ముందు దించాలో చెప్పే ప్రోగ్రాము రాస్తానని చెప్పింది. లారీలను ఎప్పుడైనా చూశావా అంటే లేదంది. గోదాము చూశావా అంటే అదీ లేదంది. చూడకుండానే జీతమిస్తున్నారంటే నీ తల మంచిదే అయ్యుంటుంది అన్నాను. నేను మెచ్చుకున్నానో దెప్పానో తెలియక అది కాసేపు నా మొహం చూసింది.

పొద్దున పదింటికల్లా ఆఫీసు వాళ్ళందరూ కంప్యూటరు తెర మీద చేరేవారు. నిన్న ఏం చేశాం, ఇవాళ ఏం చేస్తాం అని వరసగా ఒక్కొక్కళ్ళూ అప్పజెప్పేవారు. నేను వరండాలో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ వినేదాన్ని. మాటలు సగం ఇంగ్లీషే అయినా, బడిలో ఎక్కాలు అప్పజెప్పే గొంతు నాకు తెలుసు. ఒక రోజు అన్నం వడ్డిస్తూ అడిగాను.

"చేసిందంతా కంప్యూటర్లో రాసే ఉంటుందంటివి గదా. మళ్ళీ నోటితో చెప్పడం ఎందుకే?"

"అది నేనడిగితే పొగరంటారు. నువ్వొచ్చి అడుగు, బాగుంటుంది."

"మా మిరప కోతల ముఠా మేస్త్రి ఎవర్నీ ఏమీ అడగదు. గట్టు మీద నిలబడి గంపలు చూస్తుంది."

"ఆవిణ్ణి మా ఆఫీసుకి పంపించు అమ్మమ్మా. నీకు పుణ్యముంటుంది."

ఆఫీసు గురించి దానికి చాలా అభిప్రాయాలుండేవి. పది మంది కూర్చుని మాట్లాడుకునే గంటకు పది గంటల పని పోతుందని ఎవరికీ తోచదట. తొందర పని అని రాసి పంపినదాంట్లో నిజంగా తొందరైనది నెలకొకటి కూడా ఉండదట. పుట్టినరోజులకు కేకు కోసి, ఆ మర్నాడే ఇద్దరిని ఉద్యోగంలోంచి తీసేశారట, ఆ ఇద్దరూ కేకు తిన్నవాళ్ళేనట. ఇవన్నీ కోపంగా చెప్పేది కాదు. ఈ ఏడు పురుగు ఎక్కువగా ఉందని మేం చెప్పుకున్నట్టు చెప్పేది.

కంప్యూటరు వాళ్ళకు కొత్త వస్తువులంటే మోజుంటుందని అనుకునేదాన్ని. ఈ పిల్ల నాకంటే ఘోరం. వచ్చిన మొదటి వారమే తన బొట్టు స్టిక్కరు ఒకటి తీసి కంప్యూటరు నుదుట అంటించింది. దానికి బొట్టెందుకే అంటే, దాని కన్ను, అదే కెమెరా, మూయడానికి అంది. వాళ్ళ నాన్న ఒక డబ్బా కొనిచ్చాడు, మనం నోటితో చెబితే పాటలు వేస్తుందట, వాన పడుతుందో లేదో చెబుతుందట. అట్టపెట్టె విప్పకుండానే తిరిగి పంపించేసింది.

"అది రోజంతా చెవి ఒగ్గి వింటూ కూర్చుంటుంది. ఇంట్లో ఆ పనికి నువ్వున్నావు, చాలు" అంది.

దాని ఫోను అద్దం మూలగా పగిలి ఉండేది. కొత్తది కొనుక్కోరాదా అని మా కోడలు ఒకసారి అంటే, చిలకలూరిపేటలో ఒక చిన్న కొట్టుకు వెళ్ళి బ్యాటరీ మాత్రం మార్పించుకుని వచ్చింది. "ఇది పాడవలేదు అమ్మమ్మా. పాతదైపోయిందని రోజుకోసారి దీని చేతే మనకి చెప్పిస్తున్నారు" అంది. మా బట్టలుతికే మిషను ఆగిపోతే, వచ్చిన మెకానిక్కు బోర్డు పోయింది, మిషను మార్చుకోండన్నాడు. అతను వెళ్ళాక ఈ పిల్ల వెనక రేకు విప్పి చూసింది. ఎలుక కొరికిన తీగ ఒకటి బయటపడింది. దాన్ని కలిపి టేపు చుట్టింది. ఆ మిషను ఇప్పటికీ తిరుగుతోంది. ఆ రోజు నేను దానికి పెరుగు మీద మీగడ అంతా వేశాను.

నాకు నచ్చనిది ఒకటే. పట్టపగలు, పని వేళలో, మంచం మీద వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తుండేది.

"లేవవే. జీతమిచ్చేవాడు చూస్తే ఏమనుకుంటాడు?"

"పని చేస్తున్నాను అమ్మమ్మా."

"నేను గుడ్డిదాన్నా?"

"ఆలోచించేటప్పుడు చెయ్యి కదలదు. ఆలోచించడమే నా పని. నువ్వూ మా ఆఫీసూ ఒకటే."

అప్పుడే చుక్క సంగతి చెప్పింది. తెర మీద ప్రతివాళ్ళ పేరు పక్కనా ఒక చుక్క ఉంటుంది. చెయ్యి కదులుతుంటే పచ్చగా ఉంటుంది. ఐదు నిమిషాలు కదలకపోతే పసుపుపచ్చకు తిరుగుతుంది. ఎవరి చుక్క రోజుకు ఎంతసేపు పచ్చగా ఉందో రాసిపెట్టే కొత్త ఏర్పాటొకటి ఆ ఏడే తెచ్చారు. మా మనవరాలిది అందరికంటే తక్కువ వచ్చింది. దాని పని గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు, చుక్క గురించి మాత్రం కాగితం వచ్చింది. ఇంకొకసారి తగ్గితే ఇంటి నుంచి పని చేసే వీలు తీసేస్తాం, హైదరాబాదు వచ్చి కూర్చోవాలి అని. మునుపు అక్కడ మూడేళ్ళు హాస్టల్లో ఉండి, వేళకు తిండి లేక కడుపులో పుండు తెచ్చుకున్న పిల్ల. మా ఇంట్లో ఏడాదికి గానీ మామూలు మనిషి కాలేదు. కాగితం నాకు చదివి వినిపించింది. ఆ రోజు నుంచి పైకప్పు చూడటం మానేసి, కుర్చీలోనే కూర్చుని మౌసు మీద చెయ్యి వేసి ఆలోచించడం మొదలుపెట్టింది.

మిరప రెండో కోత కాయ మా ఇంటి వెనక కల్లంలో ఎండుతోంది. ఇంకో రెండెండలు తగిలితే బస్తాలకు ఎత్తచ్చు. ఆ రోజు పొద్దున పదిన్నరకు సముద్రం వైపు నుంచి మబ్బు పట్టింది. ఎండిన కాయ మీద వాన పడితే తెల్లబడి, ధర పలకని తాలు అవుతుంది. ఏడాది కష్టం అంతా తాలు కింద పోతుంది. మా అబ్బాయి, కోడలు ఒక పెళ్ళికి సింగరాయకొండ వెళ్ళారు. ముఠా అంతా వేరే చేలో ఉంది. కబురు పెడితే మేస్త్రి మాత్రం తన తోడికోడల్ని వెంటబెట్టుకుని వచ్చింది.

"ఇద్దరం చాలం పెద్దమ్మా. కాయ మీదికి పట్టాలు లాగడానికి ఇంకో మనిషి కావాల" అంది.

నాకు మోకాళ్ళు వంగవు. మా మనవరాలు కిటికీలోంచి చూస్తోంది. దాని చెయ్యి మౌసు మీదే ఉంది.

"నువ్వు పో. నీ కుర్చీలో నేను కూర్చుంటా" అన్నాను.

మిరప కోతల్లో ఇది మామూలు. ముఠాలో ఒక మనిషికి ఒంట్లో బాగోకపోతే, ఆమె సాలు ఖాళీగా ఉండకూడదని వాళ్ళింట్లోంచి తల్లో, కోడలో బదులు వస్తుంది. కాయ కొయ్యడమే ముఖ్యం గానీ చెయ్యి ఎవరిదన్నది ఎవరూ పట్టించుకోరు. నేను కూడా మా అత్తగారి బదులు, మా అక్క బదులు ఎన్నోసార్లు వెళ్ళాను. అందుకని ఇదీ అలాంటిదే అనుకున్నాను.

"అమ్మమ్మా, అది తప్పవుతుందేమో."

"ఇవాళ్టి పని ఉందా?"

"నిన్నే అయిపోయింది. వాళ్ళు చూసి సరేననాలి, దానికోసం కూర్చున్నా."

"మరింకేం? ఊరికే కూర్చోడానికి చదువుకున్న మనిషి ఎందుకు? ఆ ఎండుకాయకు మాత్రం కాళ్ళూ చేతులూ ఉన్న మనిషి కావాలి. లే."

లేచింది. మౌసు ఎలా పట్టుకోవాలో చూపించింది. "గుండ్రంగా ఊరికే తిప్పుతుండు. ఏదీ నొక్కకు. కింద మూల చిన్న పెట్టెలాగా ఏదన్నా లేస్తే నన్ను కేకెయ్యి" అని మొహానికి తువ్వాలు కట్టుకుని కల్లంలోకి పోయింది.

నేను కూర్చున్నాను. చిన్నప్పుడు తిరగలి ఎలా తిప్పానో అలాగే తిప్పాను. ఒక్క తీరున, ఒక్క వేగంతో, చెయ్యి నొప్పెడితే రెండో చేత్తో. బదులు వెళ్ళిన మనిషి సొంత మనిషి కంటే గట్టిగా చెయ్యాలి, లేకపోతే పంపినవాళ్ళకు మాట వస్తుంది. మధ్యాహ్నం అన్నానికి లేవలేదు. మంచినీళ్ళకూ లేవలేదు. చుక్క పచ్చగానే ఉంది. కిటికీలోంచి చూస్తే మా మనవరాలు చెక్కపలకతో కాయ కుప్పలోకి లాగుతోంది. మేస్త్రి దాన్ని ఆటపట్టిస్తోంది.

"ఏమ్మా కంప్యూటరమ్మా, నడుం ఉందా పడిందా?"

"నడుం నీదగ్గరే తాకట్టు పెట్టా. నువ్వు పట్టా లాగు ముందు."

ఒంటిగంట దాటాక మూలన పెట్టె లేచింది. ఇంగ్లీషులో ఏవో రెండు వరసలు. కేకెయ్యాలని నోరు తెరిచాను. అప్పటికి సగం కాయ పట్టా కింద ఉంది, సగం ఆకాశం కింద ఉంది. గాలి లేచింది. నేను చూస్తుండగానే పెట్టె దానంతటదే పోయింది. పోయింది గదా, అంత అవసరమైనది కాదులే అనుకున్నాను. తర్వాత ఇంకోటి లేచింది. మొత్తం నాలుగు లేచాయి.

రెండింటప్పుడు మా మనవరాలు గుమ్మం దగ్గరికొచ్చింది. కాయ ఘాటుకు చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. ఆ చేతులతో కంప్యూటరు ముట్టుకోలేదు, లోపలికీ రాలేదు.

"ఏమన్నా వచ్చిందా?"

"ఏమీ రాలేదు. నువ్వు పో" అన్నాను.

అప్పటికే మూడు వచ్చాయి. నా జన్మలో పిల్లలతో అబద్ధమాడలేదు, ఆడిన పిల్లల్ని అన్నం పెట్టకుండా కూర్చోబెట్టాను. ఆ మాట మాత్రం తడుముకోకుండా వచ్చింది.

మూడున్నరకు వాన దిగింది. అప్పటికి కాయంతా పట్టాల కింద ఉంది, చుట్టూ కాలవ తీశారు. ఒక్క గంప కూడా తడవలేదు. నాలుగున్నరకు మా మనవరాలు స్నానం చేసి, చేతులకు వెన్న రాసుకుని వచ్చి కుర్చీ తీసుకుంది. ఆ నాలుగూ దానికి అప్పుడు కనిపించాయి. ఏదో గబగబా రాసింది. "అమ్మమ్మకి కనిపించి ఉండవులే" అని తనలో తను అనుకుంది. నన్ను అడగలేదు. నేను కూడా చెప్పలేదు.

రెండు రోజుల తరవాత వాళ్ళ మేనేజరు మాట్లాడాలన్నాడు. నేను గదిలోనే పప్పు చెరుగుతున్నాను. అతను తెలుగతనే. మర్యాదగానే మొదలుపెట్టాడు. ఆ రోజు ఒక గోదాము గేటు దగ్గర ప్రోగ్రాము లెక్క తప్పి లారీలు నిలబడిపోయాయట. ఆ ముక్క రాసింది మా మనవరాలే కాబట్టి నాలుగుసార్లు అడిగాడట. చుక్క పచ్చగా ఉంది, జవాబు లేదు. చివరికి ఇంకొకతను జ్వరంతో ఉన్నా లేచి కూర్చుని సరిచేశాడట.

"ఇదొకటి. రెండోది, మీ మౌసు ఐదున్నర గంటలు ఒకే వేగంతో, ఒకే గుండ్రంగా తిరిగింది. భోజనానికి కూడా ఆగలేదు. మనిషి చెయ్యి అలా కదలదు. మౌసు కదిపే మిషన్లు వస్తున్నాయని మాకు తెలుసండీ. అది వాడితే ఉద్యోగం పోతుందని మీకూ తెలుసు."

"మిషను కాదు సార్. మా అమ్మమ్మ."

"ఏవండీ, సాకులు చెప్పేటప్పుడు కాస్త నమ్మేది చెప్పండి."

నేను చేట కింద పెట్టి లేచాను. "ఆ కన్ను తెరువు" అన్నాను. మా మనవరాలు వద్దని తల ఊపింది. నేనే గోటితో ఆ బొట్టు ఊడదీశాను. అతనికి నేను కనిపించాను. మా అబ్బాయి కంటే చిన్నవాడు.

"బాబూ, తిప్పింది నేనే. మిషను కాదు."

"మామ్మగారూ, నమస్కారమండీ. మీరు... ఐదున్నర గంటలా?"

"అన్నానికి లేస్తే చుక్క మారుతుందని లేవలేదు."

అతను "ఏమీ అనుకోకండి, ఒకసారి తిప్పి చూపిస్తారా?" అన్నాడు. మౌసు పట్టుకుని తిప్పాను. అతను వేరే తెర మీద ఏదో చూసుకున్నాడు. మళ్ళీ తిప్పమన్నాడు. మళ్ళీ తిప్పాను. "అదేనండీ. అచ్చం అదే" అన్నాడు. నవ్వాడు గానీ వెంటనే సర్దుకున్నాడు.

ఇక చెప్పకుండా ఉండటం నావల్ల కాలేదు. "ఇంకో మాట ఉంది బాబూ. మీరు రాసినవి నాకు కనిపించాయి. పిల్ల వచ్చి ఏమన్నా వచ్చిందా అని అడిగింది. ఏమీ రాలేదని చెప్పాను. కాయ తడుస్తుందని చెప్పాను ఆ మాట. దానికి తెలియదు."

మా మనవరాలు నా వైపు తిరిగింది. "అమ్మమ్మా!" అంది.

మా కోతల్లో బదులు మనిషి వెళ్ళడం ఉందనీ, అదేననుకుని నేను కూర్చున్నాననీ అతనికి చెప్పాను. అతను శ్రద్ధగా విన్నాడు. విని ఒక్కటే అడిగాడు.

"మీ ఊళ్ళో బదులు మనిషి వచ్చినప్పుడు మేస్త్రికి చెప్పి చేలో దిగుతుందా అండీ, చెప్పకుండా దిగుతుందా?"

నా దగ్గర జవాబు ఉంది. చెప్పడానికి మనసొప్పలేదు గానీ చెప్పాను. "చెప్పే దిగుతుంది. గట్టు మీద నిలబడి, ఫలానావాళ్ళ బదులు వచ్చానని చెప్పి, సరే అన్నాకనే దిగుతుంది."

"అదేనండీ నేననేది."

"మీరన్నది రైటు. కానీ నేనొకటి అడుగుతా. ఆ పిల్ల చేసిన పని చూడకుండా చుక్క చూడటం దేనికి?"

"నా చుక్క కూడా పైవాళ్ళు చూస్తారు మామ్మగారూ" అన్నాడు. అది చెప్పేటప్పుడు అతని గొంతులో మేనేజరు లేడు.

ఉద్యోగం తియ్యలేదు. ఇంటి నుంచి పనిచేసే వీలు తీసేశారు. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి హైదరాబాదు ఆఫీసులో కూర్చోవాలి. ఆ సాయంత్రం మా మనవరాలు అన్నం కంచం గదిలోకే పట్టుకుపోయింది. మర్నాడు పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది.

"కేకేసి ఉంటే నేను చేతులు కడుక్కుని వచ్చేదాన్ని. పది నిమిషాల పని."

"కాయ తడిసేది."

"తడిస్తే తడిసేది అమ్మమ్మా."

"ఆ మాట ఆ రోజు నిన్నడగాల్సింది. అడక్కుండా నేనే తేల్చేశాను."

"మానేద్దామనుకుంటున్నా."

"పని ఇష్టమేనా?"

"పని ఇష్టమే. చుక్కంటేనే మంట."

"ఇష్టమైన పని నా మూలంగా మానొద్దు. హాస్టలు వద్దు, చిన్న గది తీసుకో, వండుకుని తిను. కడుపు మళ్ళీ చెడగొట్టుకుంటే నేనే వచ్చి కూర్చుంటా. ఈసారి మీ మేస్త్రికి చెప్పి మరీ వస్తా."

అప్పుడు నవ్వింది. నవ్వు సగంలోనే ఆగింది, కళ్ళు తుడుచుకుంది.

ఆఫీసు పంపిన కాగితాన్ని అది నాకు తెలుగులో చదివి చెప్పింది. నిబంధన దాటినందుకు అని ఉంది, తేదీ ఉంది, దాని పేరు ఉంది. రెండుసార్లు చదివించుకున్నాను. నా గురించి ఎక్కడా లేదు. నా పేరు కూడా రాయించవే, చేసింది నేను గదా అన్నాను. "దానికి ఇందులో గడి లేదు అమ్మమ్మా" అంది. ఆ కాగితం ఎన్నేళ్ళయినా దాని పేరు మీదే ఉంటుందట. ఇంకో ఉద్యోగానికి వెళ్ళినా అడగవచ్చట.

అందుకే నేను కూర్చుని ఇది రాశాను. వాన వచ్చిన ఆ రోజు పదకొండు నుంచి నాలుగున్నర దాకా ఆ కుర్చీలో కూర్చున్నది నేను. మౌసు తిప్పింది నేను. వచ్చినవాటిని చూసి, ఏమీ రాలేదని చెప్పింది కూడా నేనే. ఆ పిల్ల ఆ సమయంలో నా కల్లంలో ఉంది, నేను చెప్పిన పని చేస్తూ.